యేసు లేచాడనడానికి ఆధారాలు: సికింద్రాబాద్‌లో శనివారం క్లాసుకి పిల్లల్ని పంపొచ్చా?

సికింద్రాబాద్‌లో ఒక చర్చి హాల్లో ఇంటర్, డిగ్రీ పిల్లల కోసం యేసు పునరుత్థానానికి, అంటే చనిపోయి తిరిగి లేచాడనడానికి, ఉన్న ఆధారాల మీద ఒక కోర్సు పెట్టారు. ఆరు శనివారాలు, సాయంత్రం 5 నుంచి 7 దాకా. ఫీజు 300 రూపాయలు, నోట్సు, టీ, సమోసా అందులోనే. మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం. తల్లిదండ్రులు కూడా వెనక కూర్చోవచ్చన్నారు కాబట్టి నేనూ కూర్చున్నాను. నేను కోర్టులో స్టెనోగ్రాఫర్‌ని. రోజంతా సాక్షులు చెప్పేది టైపు చేయడమే నా పని, అందుకని వింటున్నంతసేపూ నా చెవి అటే పోయింది.

పంపొచ్చా అని అడిగేవాళ్ళకి నా జవాబు, తప్పకుండా పంపండి. లోపాలున్నాయి, అవీ రాస్తాను.

మన పిల్లలకి ఈస్టర్ బాగా తెలుసు. తెల్లవారకముందే నారాయణగూడ సమాధుల దగ్గరికి తీసుకెళ్తాం, తాతల సమాధుల మీద కొవ్వొత్తులు పెట్టిస్తాం, పాటలు పాడిస్తాం. కానీ హాస్టల్లో పక్క మంచం కుర్రాడు "ఎవరు చూశారు రా?" అని అడిగితే "బైబిల్లో ఉంది" అనడం తప్ప ఇంకో మాట నేర్పలేదు. అడిగిన పిల్లల్ని "విశ్వాసం ఉంటే చాలు, ప్రశ్నలెందుకు" అని నోరు మూయించడం నాకు ఎప్పుడూ నచ్చలేదు.

క్లాసు చెప్పింది రిటైరైన ఒక చరిత్ర లెక్చరర్ గారు. ఆయన సువార్తలతో, అంటే యేసు జీవితం చెప్పే మత్తయి, మార్కు, లూకా, యోహాను పుస్తకాలతో మొదలుపెట్టలేదు. తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథీయులకు రాసిన మొదటి ఉత్తరం, 15వ అధ్యాయంతో మొదలుపెట్టారు. ఆ ఉత్తరం రాసింది సుమారు క్రీ.శ. 55లో. సిలువ వేసింది 30లోనో 33లోనో. అంటే మధ్యలో మహా అయితే పాతికేళ్ళు. పైగా అక్కడ పౌలు, ఇది నాకు ముందే అందిన మాట, నేను మీకు అప్పగించాను అంటాడు. ఎవరి దగ్గర అందింది? గలతీయుల ఉత్తరం తీయించారు. పౌలు యెరూషలేము వెళ్ళి యేసు ముఖ్య శిష్యుడు పేతురుతో 15 రోజులున్నాడు, యేసు తమ్ముడు యాకోబుని కూడా కలిశాడు. మా కోర్టులో ఒకరు చెప్పగా విన్నమాట మామూలుగా సాక్ష్యంగా నిలవదు. కానీ ఇక్కడ లేచిన యేసుని ఎవరెవరు చూశారో పేర్లతో సహా ఉంది, ఆ పేరున్నవాళ్ళలో ఇద్దరిని తాను కలిశానని పౌలే చెప్తున్నాడు. పిల్లలు ఆ లెక్క వాళ్ళంతట వాళ్ళే బోర్డు మీద వేశారు.

అదే అధ్యాయంలో ఐదు వందల మందికి పైగా ఒకేసారి చూశారని ఉంది కదా, అందరూ అక్కడే ఆగి సంబరపడతారు. ఆయన మాత్రం "ఇందులో ఒక్కరి పేరూ లేదు, ఈ సంగతి ఇంకెక్కడా వివరంగా లేదు, దీనిమీద మరీ ఎక్కువ బరువు వేయకండి" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది.

అన్నిటికన్నా బాగా కుదిరింది మూడో వారం. ఒక్కో గుంపుకి నాలుగు సువార్తల్లోని పునరుత్థానం భాగాలు, నాలుగు రంగుల పెన్సిళ్ళు, ఒక పెద్ద చార్టు ఇచ్చారు. సమాధి దగ్గరికి ఎవరు వెళ్ళారు, ఎన్నింటికి వెళ్ళారు, అక్కడ ఎవరు కనబడ్డారు అన్నది రాయాలి. పది నిమిషాల్లో హాలంతా గోల. మార్కులో ముగ్గురు స్త్రీలు, మత్తయిలో ఇద్దరు, యోహానులో పేరు చెప్పింది మగ్దలేనే మరియ ఒక్కదాన్నే. ఒకచోట ఇంకా చీకటి, ఇంకోచోట సూర్యోదయమైంది. ఒకచోట ఒక దూత, ఇంకోచోట ఇద్దరు మనుషులు. ముందు వరసలో ఒక అమ్మాయి మొహం పాలిపోయింది. "అంకుల్, ఇవి కలవట్లేదు" అంది. ఆయన దాచలేదు, సర్దిచెప్పలేదు. "తేడాలన్నీ రాశావా? ఇప్పుడు కలిసినవి ఇంకో రంగుతో రాయమ్మా" అన్నారు. ఆదివారం పొద్దున, మగ్దలేనే మరియ, తీసేసిన రాయి, లోపల దేహం లేదు. నాలుగింట్లోనూ అవే.

ముగ్గురు సాక్షులు అక్షరం పొల్లు పోకుండా ఒకటే చెప్తే, వీళ్ళని కూర్చోబెట్టి చెప్పించారని మాకు ముందే అనుమానం వస్తుంది. ఇక్కడ ఆ వాసన లేదు. పైగా మొదటి సాక్షులు స్త్రీలు. ఆ రోజుల్లో స్త్రీల సాక్ష్యానికి పెద్దగా విలువిచ్చేవాళ్ళు కాదు, లూకాలో అపొస్తలులే, అంటే యేసు శిష్యులే, వాళ్ళ మాటలు కొట్టిపారేశారు. కథ అల్లేవాళ్ళు అలా అల్లరు.

సిలువ వేసినవాళ్ళ శవాల్ని అసలు పూడ్చనిచ్చేవారా అని ఒక కుర్రాడు అడిగాడు. దానికి 1968లో యెరూషలేములో దొరికిన ఒక మడమ ఎముక ఫొటో చూపించారు. మేకు కొన వంగిపోయి ఎముకలోనే ఉంది. ఆ ఎముకలు రాతి పెట్టెలో, సమాధిలో దొరికాయి. సిలువ వేసినవాడికీ సమాధి దొరికేదని మాత్రమే ఇది చెప్తుంది, యేసు సమాధి గురించి ఏమీ చెప్పదు అని ఆయనే హద్దు గీశారు.

నా మనసుకి మాత్రం యాకోబే అందరికన్నా బలమైన సాక్షి. యేసు బతికుండగా సొంత తమ్ముళ్ళు నమ్మలేదని యోహానే రాశాడు. అదే యాకోబు తర్వాత యెరూషలేము సంఘానికి పెద్దయ్యాడు. క్రీ.శ. 62లో అతన్ని రాళ్ళతో చంపించారని క్రైస్తవుడు కాని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఒకే ఇంట్లో పెరిగిన తమ్ముడు అన్నని ప్రభువని ఒప్పుకోవాలంటే ఏం చూసుండాలి? లేచిన అన్నని చూశాడని నేను నమ్ముతున్నాను.

మన ఊళ్ళో పిల్లలకి ఇంకో ప్రశ్న తప్పదు. యేసుని సిలువ వేయలేదని ఖురాన్ చెప్తుంది కదా అని ముస్లిం స్నేహితులు అడుగుతారు. లెక్చరర్ గారు చాలా గౌరవంగా మాట్లాడారు. క్రైస్తవులంటే గిట్టని రోమా చరిత్రకారుడు టాసిటస్ కూడా రోమా అధిపతి పిలాతు కాలంలో ఆ మరణశిక్ష జరిగిందని రాశాడని చూపించి, "స్నేహితుడు అడిగితే చెప్పండి, వాళ్ళింటికి వెళ్ళి వాదన పెట్టుకోకండి" అన్నారు.

ఇక లోపాలు. నోట్సు ఇంకెవరో తయారుచేసినట్టుంది. జోసీఫస్ యేసుని క్రీస్తని ఒప్పుకున్నట్టు ఉండే వాక్యం యథాతథంగా అచ్చేశారు. అందులో కొన్ని మాటలు తర్వాత క్రైస్తవ లేఖకులు చేర్చినవని పండితులు చాలామంది అంటారు, క్లాసులో ఆయనా అదే చెప్పారు, కాగితం మీద మాత్రం లేదు. పిల్లలు ఫోన్లో ఒక్క నిమిషంలో పట్టేస్తారు, తర్వాత మంచి ఆధారాన్ని కూడా నమ్మరు. చివరి వారం వచ్చిన అతిథి శిష్యులందరి చావులూ కళ్ళతో చూసినట్టు వర్ణించారు. శిష్యుల్లో ఒకడైన జెబెదయి కొడుకు యాకోబుని (యేసు తమ్ముడు కాదు) చంపిన సంగతి బైబిల్లోని అపొస్తలుల కార్యములలో ఉంది. ఇంకో శిష్యుడు తోమా చెన్నైలోని మైలాపూరులో చనిపోయాడన్నది సంప్రదాయం. రెండూ ఒకే గొంతుతో చెప్తే ఎలా? నాకు చాలా బాధేసింది. స్లైడ్లన్నీ ఇంగ్లిష్‌లోనే ఉండటం ఇంకో ఇబ్బంది, తెలుగు మీడియం పిల్లలు పక్కవాళ్ళని అడుగుతూ కూర్చున్నారు. ఈ మూడూ నిర్వాహకులకి ఉత్తరంగా రాసిచ్చాను, నోట్సు మారుస్తామన్నారు.

ఐదుకి నాలుగు ఇస్తాను. పదో తరగతి లోపు పిల్లలకి బరువవుతుంది, ఆగండి. వెళ్ళేవాళ్ళు ఫోన్లో కాకుండా అచ్చు బైబిలు పట్టుకెళ్ళండి, నాలుగు చోట్లా వేళ్ళు పెట్టి వెనక్కీ ముందుకీ తిప్పాల్సి వస్తుంది. మూడో వారం మాత్రం మానకండి.