మీల్ మేకరా, పనీరా, సోయా పాలా: కొలెస్ట్రాల్‌కి ఏది మేలు?

లిపిడ్ రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎక్కువని రాగానే ఎవరో ఒకరు "సోయా తిను, తగ్గిపోతుంది" అంటారు. ఎంత తగ్గుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.

1995లో అమెరికాలో పాత పరీక్షలన్నీ కలిపి చూసినప్పుడు, రోజుకు సగటున 47 గ్రాముల సోయా ప్రోటీన్ తిన్నవారిలో ఎల్‌డీఎల్ సుమారు 13 శాతం తగ్గినట్టు కనిపించింది. ఆ ఊపులో 1999లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, రోజుకు 25 గ్రాముల సోయా ప్రోటీన్ గుండెకు మంచిదని ప్యాకెట్ల మీద రాసుకోనిచ్చింది. తర్వాతి పరీక్షల్లో ఆ 13 కాస్తా 3, 4 శాతానికి దిగింది. 2017లో ఎఫ్‌డీఏనే ఆ అనుమతి ఎత్తేస్తామని ప్రతిపాదించింది. ఎల్‌డీఎల్ 150 ఉన్నవాళ్లకి ఇది ఐదారు పాయింట్ల లెక్క. కొలెస్ట్రాల్‌కి డాక్టర్లు రాసే స్టాటిన్ మాత్ర మామూలు డోసులోనే 30 శాతం పైన తగ్గిస్తుంది. డాక్టర్ రాసిన మాత్ర ఆపేసి మీల్ మేకర్ మొదలుపెట్టే ఆలోచన ఉంటే మానుకోండి.

సోయా అసలు లాభం, దాని కోసం కంచంలోంచి ఏది తీసేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. వంద గ్రాముల పనీర్‌లో కొవ్వే 20 గ్రాములు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ని లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయం మీద ఉంటాయి. సంతృప్త కొవ్వు ఎక్కువైతే అవి తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. మీల్ మేకర్ నూనె తీసేసిన సోయా పిండితో చేసేది కాబట్టి కొవ్వు నామమాత్రం. ఎండుది యాభై గ్రాములు నానబెడితే 25 గ్రాముల ప్రోటీన్ వచ్చేస్తుంది, పీచు అదనం. అందుకే పనీర్, మటన్ బదులు తినేవాళ్లకి నా ఓటు మీల్ మేకర్‌కే. పామాయిల్‌లో వేయించిన "మీల్ మేకర్ 65"కి మాత్రం కాదు. పామాయిల్‌లో సగం సంతృప్త కొవ్వే!

సోయా పాలతో అదే 25 గ్రాములు కావాలంటే మూడు గ్లాసులు దాటి తాగాలి. ఫ్లేవర్ వేసిన వాటిలో చక్కెర ఉంటుంది, తీపి లేనివైతే సరే. టోఫు (సోయా పాలతో చేసే పనీర్) మంచిదే, మన ఊళ్లలో దొరికితే. సోయా నూనెలో ప్రోటీన్ ఉండదు. అయినా అందులో సగానికి పైగా బహుళ అసంతృప్త కొవ్వులు కాబట్టి, పామాయిల్ తీసేసి దాన్ని వాడితే ఎల్‌డీఎల్ తగ్గుతుంది. అదనంగా పోసుకుంటే మాత్రం మిగిలేది కేలరీలే.

మనలో చాలామందికి ట్రైగ్లిజరైడ్లతోనే (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) అసలు టెన్షన్. అక్కడ సోయా చేసేది తక్కువ. రెండు పూటలా ఎక్కువగా తినే అన్నం, స్వీట్లలోని అదనపు పిండి పదార్థాన్ని కాలేయం కొవ్వుగా మారుస్తుంది. మీల్ మేకర్ పలావు ఇంకో గరిటె వడ్డించుకుంటే ఆ అంకె దిగదు. అన్నం తగ్గించి ఆ చోట మీల్ మేకర్ కూర పెంచాలి.

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు సోయాకీ మాత్రకీ మధ్య కొన్ని గంటలు ఎడం పెట్టుకోవాలి. మాత్ర ఒంటికి పట్టడాన్ని సోయా తగ్గిస్తుంది.