బండి సెల్ఫ్ ఎత్తకపోతే ఏది మేలు: వెంటనే బ్యాటరీ మార్చడమా, ముందు కొలిచి చూడడమా?

గత వేసవిలో కర్నూలు నుంచి అనంతపురానికి కారులో వస్తూ గుత్తి దగ్గర టీకి ఆగాం. మళ్లీ తాళం తిప్పితే సెల్ఫ్ ఎత్తలేదు. దగ్గరలోని షాపువారు బానెట్ ఎత్తి చూసి, బ్యాటరీకి మూడేళ్లు నిండాయి కాబట్టి అదే పోయిందని చెప్పి కొత్తది బిగించారు. డాష్‌బోర్డు మీద ఎర్రటి బ్యాటరీ గుర్తు వెలుగుతూనే ఉన్నా, కొత్తది వేశాం కదా అన్న ధైర్యంతో ఏసీ, హెడ్‌లైట్లు వేసుకుని బయలుదేరాం. అనంతపురం క్లాక్ టవర్ దగ్గరికి వచ్చేసరికి లైట్ల వెలుగు పసుపుపచ్చగా మారింది. తెల్లారి తాళం తిప్పితే ఆ కొత్త బ్యాటరీ కూడా టిక్కుటిక్కుమని ఊరుకుంది. అసలు లోపం, ఇంజన్ నడుస్తుండగా కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌లో అరిగిపోయిన, దాని తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లది.

షాపువారి అనుమానం నిరాధారమేమీ కాదు. కడప, అనంతపురం ఎండల్లో బానెట్ కింద వేడికి బ్యాటరీలోని నీరు ఆవిరైపోతుంది, లోపలి సీసపు పలకలు త్వరగా క్షయించిపోతాయి, అందుచేత చల్లటి ఊళ్లలో నడిచినన్నాళ్లు ఇక్కడ నడవదు. అయితే బ్యాటరీ మార్చడం మరమ్మతే తప్ప పరీక్ష కాదు. ఛార్జింగ్ రాని బండిలో కొత్త బ్యాటరీ వేస్తే, అది ఒక్క గంట ప్రయాణానికి సరిపడా అరువు మాత్రమే.

మరో బండి బ్యాటరీ నుంచి జంపర్ కేబుల్ పెట్టి లేపడం ఖర్చు లేని దారి, పైగా అది కొంత సమాచారం కూడా ఇస్తుంది. కేబుల్ తీసిన కొద్దిసేపటికే ఇంజన్ ఆగిపోతే అనుమానం ఆల్టర్నేటర్ మీదికి పోవాలి. రోజంతా బాగా నడిచి మర్నాడు పొద్దున మొరాయిస్తే బ్యాటరీ మీదికి పోవాలి. కేబుల్ పెట్టినా ఒక్క టిక్కు తప్ప ఇంజన్ తిరగకపోతే ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటార్‌ను, బ్యాటరీ మైనస్‌ను బండి లోహానికి కలిపే ఎర్త్ తీగను చూడాలి. నల్ల కేబుల్ చివరి కొసను మాత్రం దిగిపోయిన బ్యాటరీ మైనస్‌కు కాక, దానికి దూరంగా ఇంజన్ లోహానికి తగిలించాలి, ఎందుకంటే బ్యాటరీ నుంచి వచ్చే హైడ్రోజన్ వాయువుకు ఆ నిప్పురవ్వ చాలు.

నా మట్టుకు వోల్టులు, కరెంటు కొలిచే మల్టీమీటర్‌తో కొలవడమే అన్నింటికన్నా మేలు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగానికి వచ్చినట్టు, 12 కన్నా తగ్గితే దాదాపు దిగిపోయినట్టు. ఆ తర్వాత ఒకరు తాళం తిప్పుతుండగా ఇంకొకరు మీటర్ చూడాలి. నిండుగా ఉన్న బ్యాటరీయే ఆ క్షణంలో 9.6 కన్నా కిందికి పడిపోతే దానికి బలం లేదని అర్థం. అలా కాక అంకె 12 పైనే నిలబడి ఇంజన్ కదలకపోతే, కరెంటు స్టార్టర్‌ను చేరడం లేదన్నమాట. అప్పుడు టెర్మినళ్ల మీది తెల్లని, పచ్చని పొడిని వేడినీళ్లతో కడిగి, బిగించి, మళ్లీ ప్రయత్నించాలి. ఇంజన్ నడుస్తుండగా, లైట్లూ ఏసీ వేసి ఉన్నప్పుడు 13.8 నుంచి 14.5 వరకు వస్తే ఆల్టర్నేటర్ పనిచేస్తున్నట్టే. 12 దగ్గరే ఆగి అంతకంతకు తగ్గిపోతుంటే ముందు బెల్టు వదులుగా ఉందేమో చూసి, ఆపైన బ్రష్‌ల దాకా, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ దాకా వెళ్లాలి. 15 దాటితే రెగ్యులేటర్ చెడినట్టు, అది బ్యాటరీని ఉడకబెడుతుంది. కొత్త మోడల్ కార్లలో ఛార్జింగ్‌ను కంప్యూటరే ఎక్కువతక్కువ చేస్తుంది కాబట్టి, వాటి విషయంలో ఒక్క అంకెను చూసి తీర్పు చెప్పకూడదు.

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకేసి, బండి ఆగకపోతే డైనమో (అంటే ఆల్టర్నేటర్) బాగున్నట్టే అనే పాత పద్ధతిని ఇప్పటికీ కొన్నిచోట్ల చూస్తున్నాను. తీగ తీసిన క్షణంలో వోల్టేజి ఒక్కసారిగా ఎగిసి ఆల్టర్నేటర్ డయోడ్లను, ఇంజన్ కంప్యూటర్‌ను కాల్చేయగలదు. ఎవరు చేయబోయినా దయచేసి ఆపించండి.

మీటర్‌కు అందనిది ఒకటుంది. ఆగి ఉన్నప్పుడు 12.6 చూపే బ్యాటరీ కూడా లోపల బలహీనపడి ఉండవచ్చు. తాళం తిప్పినప్పటి అంకె అనుమానంగా ఉంటే షాపులో లోడ్ టెస్ట్ (బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు లాగి చూసే పరీక్ష) చేయించాకే డబ్బు కట్టడం మంచిది. ఆ పరీక్షలోనూ బ్యాటరీ నెగ్గి, ఛార్జింగ్ కూడా సరిగా ఉండి, పొద్దున్నే సెల్ఫ్ ఎత్తకపోతే రాత్రిపూట ఎక్కడో కరెంటు కారుతున్నట్టు. తలుపులన్నీ మూసి అరగంట ఆగాక బ్యాటరీ మైనస్ తీగ విప్పి, ఆ తీగకూ టెర్మినల్‌కూ మధ్యలో కరెంటు కొలిచేలా మీటర్ పెట్టినప్పుడు 50 మిల్లీఆంపియర్ల కన్నా ఎక్కువ చూపితే, ఒక్కో ఫ్యూజూ తీస్తూ పోవాలి; ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో లోపం ఆ దారిలోనే ఉంటుంది.