జాలీబాయ్ దీవి ప్యాకేజీ: పిట్టల కోసం వెళ్ళేవారికి ఒక మాట

గుంటూరులోని ఒక ట్రావెల్ సంస్థ ద్వారా ఫిబ్రవరిలో అండమాన్ వెళ్ళివచ్చాము. వారి ప్యాకేజీలో నన్ను పట్టేసింది ‘స్నార్కెలింగ్, పక్షుల వీక్షణ ఒకే రోజు’ అన్న మాట. స్నార్కెలింగ్ అంటే మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటిపై తేలుతూ అడుగును చూడడం. ఆదివారాలు ఉప్పలపాడు చెరువు గట్టున గూడబాతులను చూస్తూ గడిపే నాకు అంతకంటే ఏం కావాలి?

ఆ రోజు మహాత్మాగాంధీ సాగర జాతీయ ఉద్యానంలోని జాలీబాయ్ దీవికి తీసుకువెళ్ళారు. 1983లో ఏర్పడిన ఈ ఉద్యానంలో 15 దీవులున్నా, సందర్శకులను రానిచ్చేది జాలీబాయ్, రెడ్‌స్కిన్ దీవులకే. అదీ పగడాలకు విశ్రాంతి దొరికేలా, ఏడాదిలో కొన్ని నెలలు ఒకదానికి, తక్కిన నెలలు మరొకదానికి. పడవ ఎక్కే వండూరు జెట్టీలో సంచులు విప్పించి ప్లాస్టిక్ అంతా తీయించేస్తారు. మా వదినగారి చేగోడీల ప్యాకెట్ అక్కడే ఆగిపోయింది కానీ, దీవి ఒడ్డున ఒక్క కవరైనా కనిపించకపోవడం చూశాక ఆవిడే మెచ్చుకున్నారు.

స్నార్కెలింగ్‌కు వంక పెట్టలేను. గైడు చేయి పట్టుకుని నీటిలో తల ముంచగానే జింక కొమ్ముల్లాంటి పగడాలు, వాటి నడుమ చిలుక ముక్కులాంటి మూతి ఉన్న నీలి చేప ఒకటి కనిపించాయి. అది పగడాన్ని కొరుకుతుంటే, ఎవరో పక్కన కూర్చుని జంతికలు నములుతున్నట్టు కరకర చప్పుడు స్పష్టంగా వినిపించింది. అయితే మీసమున్నవారికి అద్దె మాస్కు సరిగా అతకదు. రెండు నిమిషాలకోసారి ముక్కులోకి ఉప్పునీరే. కళ్ళజోడువారు పవర్ ఉన్న మాస్కును ఇక్కడినుంచే తీసుకువెళ్ళడం మేలు.

పిట్టల విషయంలోనే మోసపోయాము. అక్కడ సూర్యుడు మనకంటే ముప్పావు గంటకు పైగా ముందే ఉదయిస్తాడు కనుక, పడవ దీవి చేరేసరికి పిట్టలు మేత ముగించుకుని ఆకుల చాటుకు చేరిపోయాయి. రాత్రి బసకు అనుమతి లేనందున తెల్లవారుజామున చూసే వీలూ లేదు. దక్కినవి తెల్లపొట్ట సముద్రపు గద్ద ఒకటి, రాళ్ళపై బూడిద రంగు కొంగ ఒకటి. ఇది ఉద్యానం తప్పు కాదు, రెంటినీ ఒకే రోజుకు ముడిపెట్టిన ప్యాకేజీ తప్పు. మరునాడు చీకటితోనే సొంత ఖర్చుతో టాక్సీలో, పక్షులకు పేరున్న చిడియా టాపూ అనే చోటికి వెళితే, అండమాన్‌లో తప్ప దాదాపు ఎక్కడా కనిపించని రకం జెముడుకాకి రోడ్డు పక్కనే దర్శనమిచ్చింది. మన జెముడుకాకి ఒళ్ళు నల్లగా ఉంటుంది, దానిది లేత గోధుమ రంగు.

తిరిగి వచ్చాక ఆ సంస్థవారికి ఇదంతా వివరించి, ప్యాకేజీలో చిడియా టాపూకు ఒక ఉదయం కేటాయించమని కోరాను. “గద్ద కనపడింది కదండీ!” అన్నారు.