సొంత డబ్బుతో బ్రాండ్: షాపులకి వేయడం మేలా, ఇళ్ళకి పంపడం మేలా?

గుంటూరులో కారం వ్యాపారం పెట్టేవాళ్ళకి సరుకు దొరకదన్న బెంగ లేదు. పెట్టిన డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో, ఎన్నాళ్ళకి తిరిగొస్తుందో, అదే బెంగ. నేను 46వ ఏట బ్రోడీపేటలో, ఇంటి కింది పోర్షన్‌లో కారం, పొడులు, పచ్చళ్ళు మొదలుపెట్టాను. పెట్టుబడి నా పీఎఫ్‌లో సగం. మిగతా సగం ముట్టకూడదనీ, వాటా ఇచ్చి ఎవరి డబ్బూ తీసుకోకూడదనీ ఇంట్లో ముందే అనుకున్నాం. అమ్మాయి చదువు, అత్తయ్యగారి మందులు నెల తిరిగేసరికి వచ్చి నిలబడతాయి. పాతికేళ్ళ కుర్రాడిలా పోతే పోయిందిలే అనుకునే వయసు కాదు మాది.

ఈ మాట అంటే చాలామంది, సౌందర్య సామగ్రి అమ్మే నైకా కంపెనీ పెట్టిన ఫల్గుణీ నాయర్ పేరు చెబుతారు. ఆవిడ 2012లో, యాభైకి దగ్గర పడ్డాక మొదలుపెట్టారు, నిజమే. కానీ తర్వాత బయటి పెట్టుబడులు తీసుకున్నారు. మనకి దగ్గరగా ఉండేది లిజ్జత్ పాపడ్. 1959లో ముంబైలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారు.

ముందు షాపుల సంగతి. పట్నం బజార్ నుంచి విజయవాడ వన్‌టౌన్ దాకా ఎక్కడికి వెళ్ళినా వినిపించేది ఒకటే మాట: "పెట్టెళ్ళండమ్మా, అమ్మితే చూద్దాం." వాళ్ళ తప్పు కాదు. పేరు తెలియని ప్యాకెట్‌కి ముందే డబ్బు ఎవరిస్తారు? మా అరకిలో కారం ధర 250. అన్నీ కలిపి నాకు పడేది 160. షాపుకి 20 శాతం, అంటే 50 పోతే నాకు మిగిలేది 40. మధ్యలో డిస్ట్రిబ్యూటర్ ఉంటే ఆ 40లోంచి ఇంకో 20 పోతుంది. దానికన్నా బాధ వసూలు. నెలకి 600 ప్యాకెట్లు వేసి, డబ్బు 45 రోజులకి వస్తే, ఎప్పుడు చూసినా 900 ప్యాకెట్ల ఖర్చు, అంటే 1,44,000 రూపాయలు ఊళ్ళో ఉంటాయి. అమ్మకం రెట్టింపైతే ఇరుక్కునే డబ్బూ రెట్టింపే. బయటి పెట్టుబడి లేనివాళ్ళు వ్యాపారం పెరుగుతున్నప్పుడే మునిగేది ఇక్కడే. నాకిది రెండో ఏడాదిలో గాజులు తాకట్టు పెట్టాక అర్థమైంది.

దానికి తోడు వాపసులు. షాపు ముందు ఎండలో వేలాడిన కారం రంగు తగ్గిపోతుంది. నాలుగు నెలల తర్వాత ఒక సూపర్ మార్కెట్ వాళ్ళు 70 ప్యాకెట్లు తిరిగి పంపారు. పారబోయడం తప్ప ఏం చేయలేకపోయాను.

ఇళ్ళకి పంపడంలో డబ్బు ముందే వస్తుంది. వాట్సాప్‌లో ఆర్డర్, ఫోన్‌పేలో డబ్బు, మర్నాడు పార్సిల్. కొరియర్ ఖర్చు కొన్నవాళ్ళదే. అట్టపెట్టె, టేపు పోను ప్యాకెట్‌కి 75 మిగులుతుంది. అరకిలో కోసం అంత కొరియర్ ఎవరూ పెట్టరు కాబట్టి రెండు కిలోలకి తక్కువ తీసుకోను. పచ్చళ్ళు దారిలో కారితే బాధ్యత నాదే, మళ్ళీ పంపాలి. రాత్రి పదింటికి అమెరికా నుంచి ఫోన్లు వస్తాయి, ఎత్తాలి. యాభై దాటిన నడుముకి పెట్టెలు కట్టడం తేలిక కాదు. అన్నిటికన్నా పెద్ద లోటు ఏమిటంటే, తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు అయ్యాక ఆర్డర్లు అక్కడే ఆగిపోతాయి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ వంటింట్లోకి మన పేరు వెళ్ళాలంటే షాపు కావాల్సిందే. ఇది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఏ దారిలో అమ్మినా మిర్చి మాత్రం ఏడాదికి సరిపడా ఒకేసారి కొనాలి. కొత్త కాయ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డుకి బాగా వస్తుంది. అప్పుడే ఘాటుకి తేజ రకం, రంగుకి బ్యాడిగి రకం చూసి, తాలు (రంగు పోయిన కాయ) లేని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాను. చేతిలో ఉన్న డబ్బంతా అక్కడికే. 2025 ఫిబ్రవరిలో ధర బాగా పడిపోయి, కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల లెక్కన రైతులని ఆదుకునే మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. రైతుల దుఃఖం ముందు నాది చిన్నదే. అయినా అంతకు ముందు ఎక్కువ పెట్టి కొన్న టిక్కీలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. షాపులవాళ్ళు ధర తగ్గించమని పట్టుబట్టారు. ఇళ్ళకి తెప్పించుకునేవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. వాళ్ళు కొనేది మా చేతి కారాన్ని. యార్డు ధరతో వాళ్ళకి పనిలేదు.

అప్పు అసలే వద్దని చెప్పను. 2020లో కేంద్రం తెచ్చిన చిన్న ఆహార పరిశ్రమల పథకం బ్యాంకు లోనుతో పెట్టే యూనిట్‌కి 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టింది. మర, ప్యాకింగ్ మిషన్ లాంటివాటికి అలాంటి లోను మంచిదే. షాపుల్లో ఇరుక్కున్న బాకీ పూడ్చడానికి మాత్రం అప్పు చేయకండి, గాజులు పెట్టినదాన్నిగా చెబుతున్నాను. అలాగే షాపులకి వెళ్ళకముందే పేరు ట్రేడ్‌మార్క్‌కి పెట్టండి. ఒక క్లాసుకి, అంటే ఒక రకం సరుకుల వర్గానికి, చిన్న వ్యాపారులకి ఆన్‌లైన్ ఫీజు 4,500.

నా లెక్కలో మొదటి రెండేళ్ళు ఇళ్ళకి పంపడమే మేలు. మళ్ళీ మళ్ళీ తెప్పించుకునేవాళ్ళతో ఇంటి ఖర్చు గడుస్తుంటే, అప్పుడు షాపులకి వెళ్ళాలి, అదీ ఒక్క సరుకుతో. ఇప్పుడు నేను పన్నెండు షాపులకి కారం మాత్రమే వేస్తున్నాను, పాత బాకీ తీరితేనే కొత్త సరుకు. బాకీ తీర్చని ఇద్దరికి ఆపేశాను. ఆవకాయ షాపుల్లో పెట్టను. మార్చిలో డబ్బు కట్టినవాళ్ళ లెక్క చూసుకుని, మేలో అన్ని కిలోలే కలుపుతాను.