ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ గడిలో ఒక్క లైను

"మామయ్యా, అటక మీద నీ పాత మోడెమ్ ఉందట కదా, అమ్మ చెప్పింది. నాకిస్తావా? అసలు బాగా పనిచేసేదా అది?" అని మా అక్క కొడుకు మొన్న డాలస్ నుంచి ఫోన్ చేసి అడిగాడు. పాత కంప్యూటర్లు కొని, బాగుచేసి దాచుకోవడం వాడికి ఇష్టం. తప్పకుండా ఇస్తానన్నాను. బాగా పనిచేసేదా అన్న ప్రశ్నకు మాత్రం ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

1999లో కొన్నాను. 2006లో మా వీధికి బ్రాడ్‌బ్యాండ్ వచ్చేదాకా ఏడేళ్ళు వాడాను. ఫోన్ లైను మీదుగా ఇంటర్నెట్‌కు కలిపే, కంప్యూటర్ బయట పెట్టుకునే 56కె మోడెమ్ (సెకనుకు 56 వేల బిట్ల దాకా అన్నమాట). వేగం గురించి, ఆ కీచుమనే చప్పుడు గురించి అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నాను. నాకు దీనిమీద ఇంత ప్రేమ ఎందుకంటే, ఇది అడిగితే జవాబు చెప్పేది. విండోస్ 98తో పాటే వచ్చే, మోడెమ్‌కు నేరుగా ఆజ్ఞలు కొట్టే హైపర్‌టెర్మినల్ అనే ప్రోగ్రామ్ తెరిచి 'ఏటీ' అని కొట్టి ఎంటర్ నొక్కితే, కింద 'ఓకే' అని వచ్చేది. మొదటిసారి అది చూసినప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పెట్టెలోంచి తీసి, సీరియల్ కేబుల్ బిగించి, డ్రైవర్ ఎక్కించి ఆ 'ఓకే' దాకా రావడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

అయితే 'ఓకే' వచ్చిందంటే ఇంటర్నెట్ వచ్చినట్టు కాదు. నంబర్ డయల్ చేయమంటే 'నో డయల్‌టోన్' అనేది. మోడెమ్ స్పీకర్‌లోంచి డయల్ టోన్ నా చెవికి స్పష్టంగా వినిపిస్తుంటే, టోన్ లేదని మోడెమ్ అంటుంది! రెండు రోజులు తల పట్టుకుని కూర్చున్నాను. అమెరికాలో డయల్ టోన్ అంటే 350, 440 హెర్ట్జ్ శబ్దాలు రెండూ కలిసి ఆగకుండా మోగడం. మనది 400 హెర్ట్జ్ చుట్టూ గుర్రుగుర్రుమని ఊగే శబ్దం. అక్కడి టోన్ కోసం చెవులు రిక్కించి కూర్చున్న మోడెమ్‌కు మనది టోన్‌లాగే అనిపించదు. 'ఏటీఎక్స్3' అని కొడితే ఇక టోన్ కోసం చూడకుండా నేరుగా డయల్ చేసేస్తుంది, ఎంగేజ్ వస్తే మాత్రం గుర్తుపడుతుంది. మోడెమ్ ప్రాపర్టీస్‌లో డయల్ టోన్ కోసం ఆగమనే టిక్కు తీసేసినా ఇదే పని జరుగుతుందని తర్వాత తెలిసింది. కాబట్టి పది నిమిషాల సెటప్ అన్నది నిజమే కానీ, ఆ రెండు రోజులు కూడా కలిపి లెక్క వేసుకోవాలి.

అసలు కథ 2001 వానాకాలంలో జరిగింది. హ్యూస్టన్‌లో మా అక్కకు కొడుకు పుట్టాడు. బావగారు మూడు ఫొటోలు మెయిల్‌కు జతచేసి పంపారు. ఒక్కొక్కటి 400 కేబీ. అటాచ్‌మెంట్‌గా మారేసరికి మెయిల్ మొత్తం 1.6 ఎంబీ అయింది. మాది గోదావరి డెల్టాలో చిన్న ఊరు, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ ఇంటికి మూడు కిలోమీటర్ల దూరం. కనెక్షన్ సెకనుకు 44,000 బిట్ల దగ్గర కలిసేది. ఆ లెక్కన ఫొటోలు దిగడానికి ఐదు నిమిషాలు పైన కావాలి. ఆ వానల్లో లైను మూడు నాలుగు నిమిషాలకోసారి తెగిపోయేది. తెగితే నేను మెయిల్‌కు వాడే ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ ఆ మెయిల్‌ను మళ్ళీ మొదటినుంచి దింపుతుంది, సగం దిగింది కదా అని అక్కడినుంచి అందుకోదు. పైగా దాని వెనక వచ్చిన మెయిల్స్ కూడా ఆగిపోయాయి. నాలుగు రోజుల్లో ఎన్నిసార్లు ప్రయత్నించానో లెక్కే లేదు. డయల్ చేసిన ప్రతిసారీ ఫోన్ బిల్లు మీటర్ తిరుగుతూనే ఉండేది.

అమ్మ రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఏరా, బాబు ఫొటో వచ్చిందా?" అని అడిగేది. రాలేదమ్మా అని చెప్పడానికి నాకు ఎంత కష్టంగా ఉండేదో. ఫోన్‌లో అక్క గొంతు వినగలిగింది కానీ, మనవడి ముఖం ఎలా ఉందో ఆవిడకు తెలియదు.

తప్పు ఇంటర్నెట్ కంపెనీదేనని నేను గట్టిగా నమ్మాను. దానికి కారణం మోడెమ్ దీపాలే. తెగే ముందు, అవతలినుంచి డేటా వస్తోందని చూపే ఆర్‌డీ దీపం మినుకుమినుకుమనడం ఆగిపోయేది. ఒకటి రెండు సెకన్లకు, అవతలి మోడెమ్ సంకేతం అందుతోందని చూపే సీడీ, ఫోన్ ఎత్తి ఉందని చూపే ఓహెచ్ దీపాలు రెండూ ఆరిపోయేవి. అవతలివాళ్ళు పంపడం మానేసి లైను కట్ చేస్తున్నారని అనుకున్నాను. వాళ్ళకు ఫోన్ చేసి గొడవ కూడా పడ్డాను. ఇన్నాళ్ళ తర్వాతైనా చెప్పాలి, ఆ రోజు ఫోన్ ఎత్తిన అబ్బాయి తప్పు ఏమీ లేదు.

నాలుగో రోజు రాత్రి లైను తెగిన వెంటనే హైపర్‌టెర్మినల్ తెరిచి, మాన్యువల్లో చూసి 'ఏటీ&వీ1' కొట్టాను. గత కాల్ వివరాలు వరసగా వచ్చాయి. ఏ వేగంతో కలిసింది, లైను ఎన్నిసార్లు సర్దుకుంది, ఎందుకు తెగింది. అవతలివాళ్ళు పెట్టేయలేదు, క్యారియర్ (అవతలి మోడెమ్ నుంచి వచ్చే సంకేతం) పోయిందని ఉంది. అంటే మధ్యలో వైరు సంగతి. అప్పుడు మాన్యువల్ వెనక పేజీల్లో ఎస్-రిజిస్టర్ల (మోడెమ్ తన సెట్టింగ్ అంకెలు దాచుకునే గళ్ళ) పట్టిక తీశాను. ఎస్10 అని ఒకటుంది. క్యారియర్ పోయాక ఎంతసేపు ఆగి ఫోన్ పెట్టేయాలో అది చెబుతుంది. లెక్క సెకనులో పదో వంతుల్లో. కంపెనీవాళ్ళు పెట్టింది 14. అంటే 1.4 సెకన్లు! నేను రోజూ చూస్తున్న ఆ ఒకటి రెండు సెకన్లు అవే. తడిసిన జాయింట్‌లో రెండు సెకన్ల గరగర వస్తే చాలు, మా మోడెమ్ ఆశ వదులుకుని ఫోన్ పెట్టేస్తోంది.

ఎస్10ని 100 చేశాను. పది సెకన్లు ఓపిక పట్టమని. దాంతోపాటు 56కె కోసం పాకులాడకుండా వి.34 అనే పాత, నెమ్మది పద్ధతితోనే కలవమని '+ఎంఎస్=వి34' చేర్చాను. మోడెమ్ లోపలి చిప్‌ను బట్టి ఈ ఆజ్ఞ రాసే తీరు మారుతుంది, మీ మాన్యువల్ చూసుకోవాలి. ఇవన్నీ కలిపి ఒక్క లైనుగా మోడెమ్ ప్రాపర్టీస్‌లో, అడ్వాన్స్‌డ్ లోపల ఉండే ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ గడిలో రాశాను. ఈసారి 28,800 దగ్గరే కలిసింది. గడియారం చూస్తూ కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు ఆర్‌డీ దీపం ఆగింది, గుండె ఆగినంత పనైంది, మళ్ళీ వెలిగింది. తొమ్మిది నిమిషాలకు మెయిల్ మొత్తం దిగింది. రాత్రి పదకొండున్నరకు అమ్మానాన్నలను నిద్ర లేపాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, తెర దగ్గరకు వంగి చాలాసేపు చూసి, "అచ్చం మీ నాన్న నుదురు" అంది.

మరుసటి వారం లైన్‌మన్ వచ్చి స్తంభం దగ్గర జాయింట్ విప్పి చూపించాడు. "పచ్చగా చిలుము పట్టింది మాస్టారూ, గరగర రాక ఏమవుతుంది" అని నాన్నతో అని, కొత్తగా కట్టాడు. తర్వాత లైను చాలా మెరుగైంది. అందుకే ఫొటోలు దిగింది నేను రాసిన లైను వల్లేనని గట్టిగా చెప్పగలను కానీ, ఆ తర్వాతి ఐదేళ్ళ సుఖమంతా దానిదేనని చెప్పలేను. అందులో లైన్‌మన్ వాటా పెద్దదే.

హైపర్‌టెర్మినల్‌ను ఇంత పొగిడాను కదా, అది పోర్టును పట్టుకుంటే వదలదు. మూయడం మరిచిపోయి డయల్ చేస్తే, మోడెమ్‌ను వేరే ప్రోగ్రామ్ వాడుతోందని వచ్చేది. ఎన్నోసార్లు కంగారుపడ్డాను. దీపాలు కూడా అంతే. అవి ఏం జరిగిందో చూపిస్తాయి, ఎందుకో చెప్పవు. ఎస్10 పెంచితే అవతలివాళ్ళు నిజంగానే పెట్టేసినప్పుడు కూడా ఇది పది సెకన్లు లైను పట్టుకునే ఉంటుంది.

ఎక్స్ఛేంజ్ పక్కనే ఉండి, లైను శుభ్రంగా ఉన్నవాళ్ళకు కంప్యూటర్ లోపల పెట్టే చౌక మోడెమే సరిపోయేదేమో. హైదరాబాద్‌లో నా స్నేహితుడు అలాంటిదే వాడాడు, ఒక్క ఫిర్యాదు కూడా చెప్పలేదు. నాకు మాత్రం, మా లైనుకు, ఆ వానలకు, ఇదే కావాల్సి వచ్చింది.

ఒరేయ్ నాన్నా, ఆ ఫొటోల్లో ఉన్నది నువ్వే. మోడెమ్ పార్సిల్ చేస్తున్నాను కానీ అడాప్టర్ పంపడం లేదు, అది ఇక్కడి 220 వోల్టులది. అక్కడ కొనేటప్పుడు బయటికి 9 వోల్టుల ఏసీ ఇచ్చేదే కొను, డీసీది కాదు. 2003లో నాకు కొట్టువాడు 9 వోల్టులే కదా అని డీసీది ఇచ్చాడు, ఒక్క దీపం కూడా వెలగలేదు. మోడెమ్ అడుగున ఒక చీటీ అతికించి ఉంటుంది, సిరా వెలిసిపోయింది కానీ చదవచ్చు. ఎక్స్‌ట్రా సెట్టింగ్స్‌లో రాసిన ఆ లైను అదే. శుభ్రం చేసేటప్పుడు దాన్ని పీకేయకు.