కెలోరీ నుంచి ఎలక్ట్రాన్ వోల్ట్ దాకా: తిరుపతిలో దొరికే ఒక మార్పిడి పట్టికపై సమీక్ష

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పరిసరాల్లోని ఒక జిరాక్స్ కొట్టులో, భౌతిక, రసాయన శాస్త్ర విద్యార్థుల కోసం శక్తి ప్రమాణాల మార్పిడి పట్టిక ఒకటి 40 రూపాయలకు అమ్ముతున్నారు. లామినేషన్ చేసిన ఒకే కాగితం మీద, ఒకవైపు కెలోరీ, జౌల్, బ్రిటిష్ థర్మల్ యూనిట్ వంటి ఉష్ణశక్తి ప్రమాణాలు, రెండోవైపు ఎలక్ట్రాన్ వోల్ట్, రిడ్‌బర్గ్, హార్ట్రీ వంటి పరమాణు స్థాయి ప్రమాణాలు ఉంటాయి. డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్న నేను దీన్ని కొనమనే చెబుతాను. అయితే ఒక్క వరుసను కలంతో సరిచేసుకున్నాకే వాడమంటాను.

ఈ పట్టికలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం, కెలోరీ అని ఊరికే రాసి వదిలేయకుండా ఏ కెలోరీయో చెప్పడం. రసాయన శాస్త్రంలో వాడే థర్మోకెమికల్ కెలోరీ విలువ కచ్చితంగా 4.184 జౌళ్లు, ఆవిరి ధర్మాల పట్టికల్లో, ఇంజినీరింగ్ లెక్కల్లో కనిపించే అంతర్జాతీయ పట్టిక కెలోరీ విలువ 4.1868 జౌళ్లు, ఒక గ్రాము నీటిని 14.5 డిగ్రీల నుంచి 15.5 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడానికి పట్టే ఉష్ణంగా నిర్వచించిన కెలోరీ సుమారు 4.1855 జౌళ్లు. మొదటి రెండిటి మధ్య తేడా 0.07 శాతం లోపే. అయినా ఎలక్ట్రాన్ వోల్ట్‌లలోకి మార్చినప్పుడు ఒకటి 2.6114 × 10¹⁹ గాను, మరొకటి 2.6132 × 10¹⁹ గాను వస్తాయి కాబట్టి, నాలుగు సార్థక అంకెల జవాబు అడిగిన చోట ఏ కెలోరీయో తెలియకపోతే లెక్క తప్పుతుంది. మా విద్యార్థుల ఫోన్లలో నేను చూసిన ఉచిత యాప్‌లలో ఈ జాగ్రత్త కనిపించలేదు.

ఎలక్ట్రాన్ వోల్ట్ విలువను 1.602176634 × 10⁻¹⁹ జౌళ్లుగా పూర్తిగా ముద్రించడం కూడా మెచ్చదగినదే. ఒక వోల్ట్ తేడాను దాటినప్పుడు ఎలక్ట్రాన్ పొందే శక్తే ఎలక్ట్రాన్ వోల్ట్; 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశాన్ని నిర్వచనంతోనే స్థిరపరచారు కాబట్టి, ఈ సంఖ్యలో ఇప్పుడు అనిశ్చితి లేదు. హార్ట్రీ మాత్రం ఇప్పటికీ కొలిచి తేల్చవలసిన విలువే. పట్టికలో దాన్ని 27.2114 ఎలక్ట్రాన్ వోల్ట్‌లుగా ఇచ్చారు.

ఇక సరిచేసుకోవలసిన వరుస సంగతి. రెండోవైపు కింది భాగంలో ‘1 కిలోకెలోరీ = 0.04336 ఎలక్ట్రాన్ వోల్ట్’ అని అచ్చయింది. ఒక కిలోకెలోరీ నిజానికి 2.6114 × 10²² ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. దాన్ని ఒక మోల్ పదార్థంలోని కణాల సంఖ్యతో, అంటే అవొగాడ్రో సంఖ్య 6.02214076 × 10²³తో భాగిస్తేనే 0.04336 వస్తుంది, అంటే అది మోల్‌కు ఒక కిలోకెలోరీ చొప్పున ఉన్న శక్తిలో ఒక్కో కణం వాటా. ‘మోల్‌కు’, ‘కణానికి’ అన్న రెండు మాటలు జారిపోవడంతో ఆ వరుస ఏకంగా అవొగాడ్రో సంఖ్యంత తేడాతో తప్పయింది. హైడ్రోజన్ అణువులోని బంధశక్తిని తీసుకుంటే ఇది స్పష్టమవుతుంది: మోల్‌కు 436 కిలోజౌళ్లు అంటే మోల్‌కు 104.2 కిలోకెలోరీలు, ఒక్కో అణువుకు 4.52 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. పాత్రలోని వాయువు మొత్తాన్ని లెక్కిస్తున్నామా, ఒక్క అణువునా అన్నదే ఈ మార్పిడికి ప్రాణం. ఆ తేడాను విద్యార్థికి గుర్తుచేయవలసిన పట్టికే దాన్ని చెరిపేయడం నన్ను బాధించింది.

ముద్రణ ఫరవాలేదు గాని ఘాతాంకాలు మరీ చిన్నవి, రుణ గుర్తు కొన్నిచోట్ల కనబడదు. బ్రిటిష్ థర్మల్ యూనిట్ వరుస మాత్రం వేసవిలో పనికొస్తుంది. తిరుపతి ఎండలకు ఏసీ కొనే ప్రతి ఇంట్లోనూ వినిపించే ఒకటిన్నర టన్ను అంటే గంటకు 18,000 బ్రిటిష్ థర్మల్ యూనిట్లు, దాదాపు 1.19 × 10²⁶ ఎలక్ట్రాన్ వోల్ట్‌ల ఉష్ణాన్ని గదిలోంచి బయటికి పంపడం. తరగతిలో ఈ ఉదాహరణ చెబితే పిల్లలు వెంటనే కాగితం అందుకుంటారు.

డిగ్రీ, పీజీ మొదటి ఏడాది వారికి ఇది సరిపోతుంది. తరంగ సంఖ్యలతో (సెంటీమీటరు పొడవులో ఎన్ని తరంగాలు పడతాయో చెప్పే సంఖ్యలతో) పనిచేసే వర్ణపట శాస్త్ర విద్యార్థులకు చాలదు, ఆ ప్రమాణమే ఇందులో లేదు. లామినేషన్ లేని ప్రతిని అడిగితే 15 రూపాయలకు ఇస్తారు; ఆ వరుసను దిద్దుకోవడానికి అదే అనువు.