తిరుపతి ఎండలో ఎనిమిదేళ్లు వాడిన పొలరాయిడ్ ఫిల్మ్

2017లో పాత పొలరాయిడ్ 600 కెమెరా (నొక్కగానే ఫొటో ప్రింటు బయటకొచ్చే రకం) సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. కెమెరాకు ఇంతవరకూ రిపేరు రాలేదు. చెప్పాల్సిందంతా ఫిల్మ్ గురించే.

ఈ ఫిల్మ్ తయారీని పొలరాయిడ్ 2008లో ఆపేసింది. నెదర్లాండ్స్‌లో మూతపడుతున్న ఎన్‌స్కెడే ఫ్యాక్టరీ యంత్రాలను ఫ్లోరియన్ కాప్స్, ఆండ్రే బోస్మన్ వాళ్లు కొని, పాత ఉద్యోగుల్లో కొందరితో ‘ఇంపాజిబుల్ ప్రాజెక్ట్’ మొదలుపెట్టారు. యంత్రాలైతే దొరికాయి గానీ, పాత రసాయనాలు దొరకలేదు. ఫార్ములా మళ్లీ కొత్తగా తయారుచేసుకుని 2010లో ఫిల్మ్ తెచ్చారు. నేను వాడేది ఆ దారిలో వచ్చిందే. వాళ్లు పట్టుబట్టకపోతే నా కెమెరా అలమరలో బొమ్మగా ఉండేది.

మన ఊళ్లో అసలు ఇబ్బంది వేడి. 13 నుంచి 28 డిగ్రీల మధ్య వాడమంటారు. మే నెలలో తిరుపతి 40 దాటుతుంది. మొదటి ఏడాది కపిలతీర్థం బయట మిట్టమధ్యాహ్నం తీసినవన్నీ పసుపు నీళ్లలో ముంచినట్టు వచ్చాయి. ఒకసారి కొరియర్ వాళ్ల గోడౌన్‌లో మూడు రోజులు మగ్గిన ప్యాక్‌లో, ఫొటోను తేల్చే రసాయన పేస్ట్ సరిగా పరుచుకోలేదు, అందులోని ఎనిమిది ఫొటోలూ పోయాయి. ఒక్కో ఫొటో రెండు వందలు దాటుతుంది, ప్రాణం ఉసూరుమంది. అప్పటి నుంచి నవంబర్, ఫిబ్రవరి మధ్యే తెప్పించుకుంటున్నా. ఫ్రిజ్‌లో పెడతాను, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే వాడకుండా, గది వేడికి వచ్చేదాకా ఆగాలి. ప్రతి ప్యాక్ తర్వాత, కెమెరాలోంచి ఫొటోను బయటకు నెట్టే రోలర్లు తడిగుడ్డతో తుడవండి. లేకపోతే ఫొటో పొడుగునా ఒకే ఎడంలో మచ్చలు పడతాయి.

మొన్న జనవరిలో పొద్దున్నే మా అవ్వను వాకిట్లో కూర్చోబెట్టి తీశాను. ఫొటోకు వెలుతురు తగలకుండా కొంగు కింద పెట్టుకుంది. రెండు నిమిషాలకోసారి తీసి చూడటమే.

“ఏం కనపడలేదే నాయనా?”

“పావుగంట ఆగవ్వా.”

ముందు వెనకున్న తలుపు చీకటి తేలింది. తర్వాత చీర అంచు, ఆ తర్వాత కళ్లు. ముక్కుపుడక కనపడగానే అవ్వ చేత్తో తన ముక్కు తడుముకుంది. రంగులు కొంచెం వెలిసినట్టే ఉన్నాయి, నీడల్లో వివరం తక్కువ. అయినా ఆ ఫొటో నాకు ఇవ్వలేదు, ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల్లో దాచుకుంది.

పెళ్లి ఆర్డర్లకు ఈ ఫిల్మ్‌ను నమ్ముకోవద్దు. ఇంటివాళ్ల కోసమైతే, చలికాలంలో ఒక్క ప్యాక్ కొని చూడండి.